ఇన్‌స్టాల్ చేసేటప్పుడే మిర్రరింగ్ ఎందుకు అడగదు?

ద్వారకానగర్‌లో మాది చిన్న డీటీపీ షాపు. పోయిన నెల హార్డ్‌డిస్క్ పోయి పెళ్లికార్డుల డిజైన్లన్నీ గోవిందా. ఇప్పుడు ఒకే సైజువి రెండు డిస్కులు కొన్నాను. ఉబుంటు డెస్క్‌టాప్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కిస్తుంటే రెండింట్లోనూ ఒకేలా రాయమంటారా అని ఒక్క ముక్క అడగదేంటండీ? ఎక్కడైనా దాక్కుని ఉందా?

గాజువాక అన్న:
డెస్క్‌టాప్ ఇన్‌స్టాలర్‌లో లేదు తమ్ముడూ, వెతక్కు. ఉబుంటు సర్వర్‌లో, డెబియన్ అనే ఇంకో సిస్టమ్‌లో అయితే డిస్కుని భాగాలు చేసే పార్టిషన్ల దగ్గర చేత్తో చేసుకోవచ్చు, రెండు డిస్కుల్లో సమానంగా పార్టిషన్లు చేసి రెయిడ్ 1 (అంటే నువ్వడిగే మిర్రరింగే) కింద కలిపి దాని మీద సిస్టమ్ ఎక్కించాలి. ఫ్రీబీఎస్‌డీ అనే సిస్టమ్ అయితే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ ఎంచుకుంటే మెనూలోనే మిర్రర్ ఉంటుంది. అందరూ అలా పెట్టొచ్చుగా!

మద్దిలపాలెం:
ఒక మెలిక ఉంది. యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చింది) మెషీన్లలో బూట్ అవడానికి, అంటే మెషీన్ లేవడానికి కావాల్సిన ఫైళ్లుండే ఈఎస్‌పీ పార్టిషన్ మామూలుగా ఆ మిర్రర్‌లోకి రాదు, కాబట్టి మొదటి డిస్క్ పోతే డేటా భద్రంగానే ఉంటుంది కానీ మెషీన్ లేవదు, ఆ టెన్షన్ నేను పడ్డాను. సర్వర్ ఇన్‌స్టాలర్‌లో రెండో డిస్కునీ బూట్ డివైస్‌గా చేర్చు. అయ్యాక మెషీన్ ఆపి, ఒక కేబుల్ పీకి, లేస్తుందో లేదో చూడు.

సీతమ్మధార:
బ్యాకప్ మాత్రం మానకండి. పొరపాటున ఫైల్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ పోతుంది. 2014లో హుద్‌హుద్‌కి మా రేకులు ఎగిరిపోయి సీపీయూ తడిసింది, డిస్కులు రెండూ అందులోనే!

అడిగినవాడు:
సరే, ఆదివారం షాపు మూసి సర్వర్‌తో మొదలుపెడతా. కేబుల్ పీకేటప్పుడు మాత్రం చేతులు వణుకుతాయేమో.