ఊరు టర్కీలో, దేశం యెరెవాన్‌లో: ప్రవాస ఆర్మేనియన్ల మాట ఎంతవరకు చెల్లాలి?

చరిత్ర పాఠకుడు (చర్చ ప్రారంభం)

ఆర్మేనియా జనాభా దాదాపు 30 లక్షలు. అంతకు రెట్టింపు మంది ఆర్మేనియన్లు రష్యా, అమెరికా, ఫ్రాన్స్, లెబనాన్ వంటి దేశాల్లో స్థిరపడి ఉన్నారు. ఈ ప్రవాస సమాజాన్ని వారి భాషలో 'స్ప్యూర్క్' అంటారు; చెదిరిపోవడమని దాని అర్థం. టర్కీ 1993లో మూసివేసిన సరిహద్దును తిరిగి తెరిపించుకోవాలని యెరెవాన్ (ఆర్మేనియా రాజధాని) ప్రభుత్వం ప్రయత్నిస్తోంది. చరిత్రలోని ఆర్మేనియా వేరు, నేడు వాస్తవంగా ఉన్న ఆర్మేనియా వేరు అని ప్రధాని నికోల్ పషిన్యాన్ చెబుతున్నారు. 1915లో నాటి ఒట్టోమన్ టర్కీలో ఆర్మేనియన్లపై జరిగిన మారణహోమానికి ప్రపంచ దేశాల గుర్తింపు కోసం దశాబ్దాలుగా పోరాడిన ప్రవాస సంఘాల్లో చాలామందికి ఈ ధోరణి మింగుడుపడడం లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పొరుగు దేశమైన అజర్‌బైజాన్‌తో సంధి, సరిహద్దు వంటి విషయాల్లో నిర్ణయం అక్కడ నివసించేవారిదే కావాలి. ఆర్మేనియాలో 18 ఏళ్లు నిండిన కుర్రవాడు సైన్యంలో పనిచేయక తప్పదు. ఆర్మేనియన్లు ఎక్కువగా నివసించిన కరబాఖ్ ప్రాంతం కోసం 2020లో అజర్‌బైజాన్‌తో 44 రోజులు సాగిన యుద్ధంలో వేలమంది చనిపోయారు. వారిలో ఆ వయసు పిల్లలు ఎందరో ఉన్నారు. అంగుళం నేల కూడా వదలవద్దని పారిస్ నుంచో లాస్ ఏంజెలస్ నుంచో చెప్పే హక్కు, ఆ నేల కోసం తమ కొడుకును పంపవలసిన అవసరం లేనివారికి ఎలా వస్తుంది? విభేదించేవారు కారణాలతో రాయవలసిందిగా కోరుతున్నాను.

గ్లెండేల్ నివాసి

పాఠకుడు గారూ, మీరు రెండు వేర్వేరు సంగతులను ఒకటిగా కలిపి అడుగుతున్నారని నాకు అనిపిస్తోంది. మేము కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో ఉంటున్నాం; ఈ నగర జనాభాలో మూడో వంతు దాకా ఆర్మేనియన్లే. మా కింది వాటాలో ఉండే పెద్దావిడ బేరూత్‌ను ఆనుకుని ఉన్న బుర్జ్ హమ్మూద్‌లో పుట్టి పెరిగారు. పరిచయమైన కొత్తలో నేను "మీది ఏ ఊరండీ?" అని అడిగితే ఆమె తడుముకోకుండా "మరాష్" అన్నారు. మరాష్ ఇప్పుడు టర్కీలో ఉంది. ఆమె తల్లిదండ్రులు చిన్నపిల్లలుగా అక్కడి నుంచి తరిమివేయబడ్డారు. ఆమె ఆ ఊళ్లో ఎన్నడూ అడుగుపెట్టలేదు. యెరెవాన్‌కు మాత్రం రెండుసార్లు వెళ్లివచ్చారు, రెండుసార్లూ చుట్టపుచూపుగానే.

ఒకసారి ఆమెతో కలిసి వీధి చివర దుకాణానికి వెళ్లాను. ఆమె గుడ్లు కావాలని 'హవ్‌గిత్' అని అడిగారు. యెరెవాన్ నుంచి వచ్చి స్థిరపడిన దుకాణదారు ఒక క్షణం ఆగి, "ద్జూ?" అని తిరిగి అడిగి, అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. ఇద్దరూ ఆర్మేనియన్లే, ఇద్దరికీ లిపి ఒక్కటే. ఆమెది పశ్చిమ ఆర్మేనియన్, అతనిది తూర్పు ఆర్మేనియన్. గుడ్డుకు ఆమె వాడే మాట వేరు, అతను వాడే మాట వేరు. సోవియట్ కాలంలో అక్కడ వర్ణక్రమాన్ని కూడా సంస్కరించారు కనుక, ఆమె రాసే పద్ధతి అక్కడి పిల్లలకు పాతకాలపు రాతలా కనిపిస్తుంది. పశ్చిమ ఆర్మేనియన్‌ను యునెస్కో 2010లో అంతరించే ప్రమాదమున్న భాషల్లో చేర్చింది. ఆ భాషలో పరిపాలన సాగించే రాజ్యమంటూ ఎక్కడా లేదు; ఇళ్లు, బడులు, చర్చీలు మాత్రమే దాన్ని నిలబెడుతున్నాయి.

బుర్జ్ హమ్మూద్‌లో పేటల పేర్లు నోర్ మరాష్, నోర్ అదానా, నోర్ సిస్. 'నోర్' అంటే కొత్త అని అర్థం. మూసా దాగ్ కొండ మీది ఆరు ఊళ్లవారిలో చాలామంది 1939లో ఆ ప్రాంతం టర్కీలో కలిసినప్పుడు బయలుదేరి లెబనాన్‌లోని అంజర్‌లో స్థిరపడ్డారు. అక్కడ కూడా ఆరు పేటలుగా, పాత ఊళ్ల పేర్లతోనే ఉన్నారు. యెరెవాన్‌లోనే అరబ్‌కిర్, మలాతియా-సెబాస్తియా అన్న పేర్లతో ప్రాంతాలున్నాయి. ఆ పేర్ల అసలు ఊళ్లన్నీ టర్కీలోనివే.

కాబట్టి 1915లో చెదిరినవారి సంతతికి ఊరు ఒక రాజ్యంలో ఉంది, దేశమనుకునేది మరొక రాజ్యంలో ఉంది. దేశం విషయంలో మీరు రాసినదాన్ని నేను ఒప్పుకుంటాను: మా పెద్దావిడ మనుమడు యుద్ధానికి వెళ్లడు కనుక, యుద్ధం చేయాలో వద్దో ఆ కుటుంబం చెప్పకూడదు. కాని 1915 ఊరికి సంబంధించిన సంగతి. మరాష్‌లో జరిగినదాని ప్రస్తావన ఇక తీసుకురామని యెరెవాన్ ప్రభుత్వం ఎవరికైనా మాట ఇస్తే, అది తనది కాని ఆస్తిని రాసివ్వడమే అవుతుంది.

ఉప్పుగూడ వాస్తవ్యుడు

మీ ఇద్దరితోనూ నేను కొంతవరకే ఏకీభవిస్తాను. హైదరాబాద్ ఉప్పుగూడలో 17వ శతాబ్దపు ఆర్మేనియన్ సమాధులు ఉన్నాయి. వాటి రాతలు చదవలేకపోయినా, చిన్నప్పటి నుంచి ఆ రాళ్లను చూస్తూ పెరిగిన నాకు, ఈ ప్రవాసం 1915తో మొదలైంది కాదన్న సంగతి గుర్తు చేయాలనిపించింది.

1604–05 ప్రాంతంలో ఇరాన్ రాజు షా అబ్బాస్ ఆర్మేనియన్ల జుల్ఫా పట్టణవాసులను బలవంతంగా తరలించి తన రాజధాని ఇస్ఫహాన్ పక్కన కొత్త జుల్ఫాలో స్థిరపరిచాడు. అక్కడి వర్తక కుటుంబాలే మన తీరానికి, మద్రాసుకు వచ్చాయి. మద్రాసులో స్థిరపడిన షాహమీర్ షాహమీరియన్ కొత్త జుల్ఫాలో పుట్టినవాడే. ఆర్మేనియా అనే రాజ్యమే లేని రోజుల్లో, స్వతంత్ర ఆర్మేనియాకు 521 అధికరణాల రాజ్యాంగ ముసాయిదా మద్రాసులోని అతని ముద్రణాలయం నుంచి వెలువడింది. దాని ముఖపత్రం మీద 1773 అని ఉంది. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక 'అజ్దరార్' 1794లో అదే మద్రాసులో హరుత్యున్ ష్మవోన్యాన్ అనే మతగురువు చేతుల మీదుగా వచ్చింది. అక్కడ నివసించేవారికే మాట ఉండాలంటే, ఈ రాజ్యాన్ని మొదట ఊహించినవారికే మాట లేకుండా పోతుంది.

ఇక అవసరం వచ్చినప్పుడు ఆ రాజ్యం ప్రవాసులను పిలవకుండా ఉన్నదా? 1946 నుంచి 1949 దాకా సోవియట్ ప్రభుత్వం "స్వదేశానికి రండి" అని పిలిస్తే, సిరియా, లెబనాన్, గ్రీస్, ఫ్రాన్స్ మొదలైన దేశాల నుంచి సుమారు 90 వేలమంది ఇళ్లు అమ్ముకుని వెళ్లారు. అక్కడివారు వారిని 'అఖ్‌పార్' అని పిలిచారు. అన్న అనే మాటకు వచ్చినవారి యాసలోని ఉచ్చారణ అది. స్థానికుల నోట అదే చిన్నచూపు మాటగా మారింది. 1949 జూన్‌లో వారిలో అనేక కుటుంబాలను రాత్రికి రాత్రి రైళ్లలో సైబీరియాలోని ఆల్తాయ్‌కి పంపేశారు. స్వాతంత్ర్యం వచ్చాక మొదటి విదేశాంగ మంత్రి రాఫీ హొవన్నీసియాన్ కాలిఫోర్నియాలో పుట్టినవాడు. ఆ దేశపు పౌరసత్వం మాత్రం ఆయనకు 2001లో గాని దక్కలేదు. పనికి, డబ్బుకు, జనాభా లెక్కకు ప్రవాసులు కావాలి, అభిప్రాయానికి మాత్రం వద్దు అనడం న్యాయమని నేను అనుకోను.

చరిత్ర పాఠకుడు

ఉప్పుగూడ మిత్రులు చెప్పిన 1949 సంగతి చదివాక నా మాటను కొంత సవరించుకుంటున్నాను. పిలిచి, తరువాత అనుమానించిన రాజ్యానికి ప్రవాసుల నోరు మూయించే నైతికబలం లేదన్నది నిజం. గ్లెండేల్ అమ్మగారు చేసిన ఊరు, దేశం అన్న విభజనను కూడా పూర్తిగా అంగీకరిస్తున్నాను. 1915 గుర్తింపు ఏ ప్రభుత్వమూ బేరం పెట్టదగిన వస్తువు కాదు.

ఓటు దగ్గర మాత్రం నేను కదలను. ద్వంద్వ పౌరసత్వానికి ఉన్న నిషేధాన్ని ఆర్మేనియా 2005 రాజ్యాంగ సవరణతో తొలగించింది, 2007లో చట్టం చేసింది. అయినా సాధారణ పౌరులు విదేశాల నుంచి ఓటు వేయడానికి వీలులేదు. దేశానికి వచ్చి వేయాలి. మన ప్రవాస భారతీయులదీ ఇదే స్థితి. జగిత్యాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కూలీకి ఇది అన్యాయమేనని నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే అతని కుటుంబం, అప్పు, పొలం అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఆర్మేనియా నుంచి రష్యాకు కూలికి వెళ్లేవారికీ అలాగే ఇవ్వవచ్చు. మూడు తరాలుగా ఫ్రాన్స్‌లో ఉన్నవారి సంగతి వేరు.

గ్లెండేల్ నివాసి

అయితే కరబాఖ్ వారిని ఏ గాటన కట్టాలో చెప్పండి. 2023 సెప్టెంబరులో అజర్‌బైజాన్ ఆ ప్రాంతాన్ని పూర్తిగా స్వాధీనం చేసుకున్నాక, వారం రోజుల్లో లక్షమందికి పైగా అక్కడి నుంచి ఆర్మేనియాకు వచ్చేశారు. వారి చేతుల్లో ఆర్మేనియా పాస్‌పోర్టులే ఉన్నాయి. వాటిలోని 070 అనే సంకేతాన్ని చూపి, అవి ప్రయాణ పత్రాలే గాని పౌరసత్వానికి రుజువు కావని ప్రభుత్వం తేల్చి, వారిని శరణార్థులుగా నమోదు చేసుకుని, పౌరసత్వం కావాలంటే దరఖాస్తు పెట్టుకోమంది. వారు ఫ్రాన్స్‌లో లేరు, యెరెవాన్‌లోనే అద్దె ఇళ్లలో ఉన్నారు. వారి పిల్లలు ఆ యుద్ధాల్లో చనిపోయారు. మీరు పెట్టిన షరతులన్నీ తీరినా, సంధి షరతులు రాసేటప్పుడు వారిని అడిగినవారు లేరు. మా పెద్దావిడ ఆ రోజుల్లో టీవీలో కార్ల వరుసలను చూస్తూ, వాటి పైన కట్టిన పరుపులను లెక్కపెట్టారు. తన తల్లి మరాష్ నుంచి పరుపు కూడా తెచ్చుకోలేకపోయిందని ఆ సాయంత్రమే మొదటిసారి నాతో చెప్పారు.