కమ్మరి క్యారెక్టర్‌కి ప్లేట్ ఆర్మర్ చేయాలంటే 300 రోజులా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరం ఒక్కో పాత్ర వేస్తూ కథ నడిపే టేబుల్ గేమ్) 5వ ఎడిషన్ (2014 రూల్స్) ఆడుతున్నాం. నాది 3వ లెవెల్ మౌంటెన్ డ్వార్ఫ్ (కొండ మరుగుజ్జు జాతి), ఫోర్జ్ డొమైన్ క్లెరిక్ (కొలిమి దేవుడి పూజారి). వృత్తి కమ్మరం. ఒంటి మీద చెయిన్ మెయిల్ (గొలుసు కవచం; ఏసీ, అంటే ఎంత రక్షణో చెప్పే ఆర్మర్ క్లాస్ అంకె, 16), చేతిలో వార్‌హ్యామర్. సొంతంగా ప్లేట్ ఆర్మర్ (ఒళ్ళంతా కప్పే లోహపు కవచం, ఏసీ 18) చేసుకోవాలని నా డ్వార్ఫ్ పట్టుదల.

చిక్కంతా లెక్కలోనే ఉంది. దాని ధర 1,500 గోల్డ్ (ఆటలోని బంగారు నాణేలు). ఆట రూల్ పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం రోజుకి 8 గంటలు కొలిమి ముందు కూర్చుంటే అయ్యే పని 5 గోల్డ్ విలువే. అంటే 300 రోజులు! ముడిసరుకుకి 750 గోల్డ్ వేరే. మా కథలో ఒక సాహసానికీ ఇంకోదానికీ మధ్య దొరికేది మహా అయితే వారం.

స్మిత్స్ టూల్స్ (కమ్మరి పనిముట్లు) వాడటం వచ్చిన ఇంకో క్యారెక్టర్‌ని సాయం పెట్టినా 150 రోజులు. జానథర్స్ గైడ్ (అదనపు రూల్ పుస్తకం) రూల్‌తో ఒక్కడినే చేస్తే 30 పనివారాలు. నా క్లెరిక్‌కున్న ఆర్టిజన్స్ బ్లెస్సింగ్ అనే శక్తి గంటలో పని ముగిస్తుంది కానీ 100 గోల్డ్ దాటిన వస్తువు చేయలేదు. ముక్కలుగా చేసి అతికిస్తానంటే మా డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) నవ్వేశాడు (నవ్వడా మరి!). ఈ లెవెల్‌లోనే ఏసీ 18 ఇవ్వడానికి ఆయనకి ఎలాగూ మనసొప్పడం లేదు.

బ్యాలెన్స్ చెడకుండా, 5 లేదా 6వ లెవెల్‌కల్లా ఆర్మర్ పూర్తయ్యేలా మీ టేబుల్‌లో ఏ హౌస్ రూల్ (సొంతంగా పెట్టుకున్న రూల్) వాడారు?