మట్టి బొమ్మ పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది

ప్రశ్న (నల్లగొండ): అన్నా, ఇటలీ శిల్పి దొనాతెల్లో చేసిన కంచు డేవిడ్ బొమ్మ లెక్క ఒక మోకాలు వంచి బొమ్మ చేస్తున్న. పడిపోతున్నట్టే ఉంది. తప్పు యాడుంది?

జవాబు (మహబూబ్‌నగర్): మోకాలు ఒక్కటే వంచినట్టున్నవ్ తమ్మీ. బరువు మోసే కాలు దిక్కు తుంటి లేవాలె, అదే దిక్కు భుజం దిగాలె. దారానికి రాయి కట్టి గొంతు గుంట కాడ పట్టు. అది బరువు కాలి లోపలి చీలమండ మీదికి రావాలె. రాకుంటే ఒరిగినట్టే.

జవాబు (దేవరకొండ): మట్టిని లోపల నుంచి పట్టుకునే తీగ నిటారుగ ఉందా? ముందు తీగనే వంచాలె. తర్వాత మట్టి వంచితే నడుము కాడ పగులుతది.

ప్రశ్న (నల్లగొండ): తీగ నిటారే అన్నా! మరి బొమ్మ మీద నీడలు సరిగ పడాలంటే ఎట్ల?

జవాబు (మహబూబ్‌నగర్): వెలుతురు ఒక్క దిక్కు నుంచే పెట్టు. 1420లల్ల మసాచ్చో అనే చిత్రకారుడు ఇటలీల ఫ్లోరెన్స్‌ల ఒక చర్చిలున్న బ్రాంకాచీ చాపెల్‌ల అసలు కిటికీ ఎటుందో చూసి నీడలేసిండు. గోడమీద గీసిన మనుషులకు బరువొచ్చింది అందుకే.