బిడ్డకు దుప్పటి కప్పిందా, బిడ్డను దుప్పటితో కప్పిందా?

నిన్న ఒక అనువాదం సరిచూస్తూ ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను: ‘తల్లి బిడ్డను దుప్పటితో కప్పింది.’ వ్యాకరణం చూస్తే తప్పేమీ లేదు. కానీ చదవగానే గుండె గుభేలుమంది. నిద్రపోతున్న పిల్లకి చలి వేయకుండా చేసిన పనిలా లేదు, ఏదో జరగరానిది జరిగినట్టుంది. ఎందుకలా అనిపించిందా అని చాలాసేపు ఆలోచించాను. నాకు తోచింది చెబుతాను, మీరేమంటారో చూద్దాం.

మనం మామూలుగా ‘బిడ్డకు దుప్పటి కప్పింది’ అంటాం. భుజాలకు శాలువా కప్పుతాం, దిండుకు గలీబు తొడుగుతాం, పుస్తకానికి అట్ట వేస్తాం, గిన్నెకు మూత పెడతాం. క్రియ ఎప్పటికప్పుడు మారిపోతోంది గాని వరస మారడం లేదు. చేతిలో ఉన్నది దుప్పటి, కప్పేది దాన్ని, ఎవరి కోసం అంటే బిడ్డ కోసం. ఆ ‘కు’లోనే ఆదరమంతా ఉంది.

ఇంగ్లీషు ‘కవర్’ తీరు వేరు. దానికి కర్మ బిడ్డే. దుప్పటి ‘విత్’ పట్టుకుని వెనకాల వస్తుంది: ‘కవర్ ద బేబీ విత్ ఎ బ్లాంకెట్’. మన వరసను అలాగే పట్టుకెళ్లి ‘కవర్ ద బ్లాంకెట్ టు ద బేబీ’ అంటే అది ఇంగ్లీషు కాదు. దుప్పటినే కర్మగా ఉంచాలంటే క్రియ మార్చుకోవాలి: ‘పుట్ ఎ బ్లాంకెట్ ఓవర్ ద బేబీ’. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలు ఇక్కడ తప్పు చేస్తే, నియమం చెప్పేముందు తెలుగు వాక్యం వాళ్ల చేతే చెప్పించండి. తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకే తెలుస్తుంది.

మరి తెలుగులో ‘ను’, ‘తో’ రావా అంటే వస్తాయి. గోతిని మట్టితో కప్పుతాం. మృతదేహాన్ని గుడ్డతో కప్పుతాం. మబ్బులు సూర్యుణ్ణి కప్పేస్తాయి. చేసిన తప్పును కప్పిపుచ్చుకుంటాం. వీటన్నిటిలోనూ లోపలిది కనబడకుండా పోతోంది. నన్ను భయపెట్టింది ఇదే. ‘బిడ్డకు’ కప్పితే కాపాడటం, ‘బిడ్డను’ కప్పితే కనబడకుండా చేయడం. ఇంగ్లీషులో రెండు పనులూ ‘కవర్’ ఒక్కటే చేస్తుంది, సందర్భాన్ని బట్టి మనమే తెలుసుకోవాలి. తెలుగులో ఆ తేడా విభక్తి చూపిస్తుంది. అనువాదం చేసేవాళ్లు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇది కాపాడటమా, దాచడమా అని అడగాలి.

కాపాడటం, దాచడం ఒకే మాటలో ఉండటం మాత్రం చాలా పాతది. లాటిన్‌లో ‘తెగెరె’ అంటే కప్పడం. ముందు అడ్డుగా కప్పితే ‘ప్రొటెక్ట్’, కప్పు తీసేస్తే ‘డిటెక్ట్’. ఇంటి కప్పు మీది ‘టైల్’ కూడా ఆ క్రియ నుంచి వచ్చినదే. దీనికి సంస్కృతంలో చుట్టం ‘స్థగ్’ ధాతువు. కప్పు, దాచు అని అర్థం. దాని నుంచి వచ్చిన ‘స్థగ’ అంటే దగాకోరు. అదే హిందీలో ‘ఠగ్’ అయి, ఇంగ్లీషులోకి వెళ్లి ‘థగ్’ అయింది. రక్షించే ‘ప్రొటెక్ట్’, దోచుకునే ‘థగ్’ ఒకే మూలం నుంచి వచ్చాయని తెలిసిన రోజు నిఘంటువు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

‘కవర్’ మనం రోజూ వాడే ఇంకో రెండు మాటల్లో కూడా ఉంది. ఫ్రెంచిలో ‘కువ్ర్ ఫ్యూ’ అంటే నిప్పు కప్పు. మధ్యయుగాల ఐరోపాలో రాత్రి గంట కొట్టగానే పొయ్యిలో నిప్పు కప్పెట్టాలి, ఇళ్లు తగలబడకుండా. అదే కర్ఫ్యూ. ‘కువ్ర్ షెఫ్’ అంటే తల కప్పేది. అది ఇంగ్లీషులో ‘కర్చీఫ్’ అయింది. తలగుడ్డ చేతిలోకి వచ్చాక ముందు ‘హ్యాండ్’ చేర్చారు. మనం ఆ ‘హ్యాండ్’ తీసేసి మళ్లీ కర్చీఫ్ దగ్గరికే వచ్చాం.

ఇక నామవాచకాలు. ఒకసారి ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న ఒకావిడతో ‘మీ పుస్తకాలు కవర్‌లో పెట్టి ఇస్తాను’ అన్నాను. నా ఉద్దేశం ప్లాస్టిక్ సంచి. ఆవిడ అట్టలు వేసి ఇస్తాననుకుని ‘అంత శ్రమ ఎందుకు, వద్దు’ అంది. మనకి సంచీ కవరే, ఉత్తరం పెట్టేదీ కవరే, ఫోనుకి తొడిగేదీ కవరే. వాళ్లకి మొదటిది బ్యాగ్, రెండోది ఎన్వలప్. మూడోది గట్టిగా, ఫోను ఆకారంలోనే ఉంటే కేస్. ఒక పక్క తెరిచి ఉండి, జారవిడిస్తే లోపలికి వెళ్లేది స్లీవ్, అంటే చొక్కా చెయ్యి. మూతి ఉన్న మెత్తని చిన్న సంచి అయితేనే పౌచ్, కంగారూ పొట్ట దగ్గర ఉంటుందే అలాంటిది. ఫోను వెనక బిగించేదాన్ని మనం పౌచ్ అంటే వాళ్లకి అర్థం కాదు. కత్తికి షీత్, పిస్తోలుకి హోల్‌స్టర్. మనకీ ఇలాంటి తేడాలు లేకపోలేదు. కత్తికి ఒర, సీసాకి బిరడా, దిండుకి గలీబు, గుడ్డతో కుట్టిన తొడుగుకి గవిసెన. ఈ చివరి మాట ఎవరైనా వాడగా విని ఎన్నేళ్లయిందో!

అన్నట్టు, ఫోను కేసు, కోర్టు కేసు ఒకటి కావు. మొదటిది పెట్టె అనే అర్థమున్న ‘కాప్సా’ నుంచి వచ్చింది, క్యాప్సూల్ దాని పిల్ల. రెండోది ‘కాసుస్’ నుంచి, అంటే పడటం, జరగడం.

‘వ్రాప్’ మాత్రం మన ‘చుట్టు’కి ఎంత దగ్గరో! ‘పుస్తకాన్ని కాగితంలో చుట్టు’, ‘పుస్తకానికి కాగితం చుట్టు’ రెండూ తెలుగే. ఇంగ్లీషులోనూ ‘ఇన్’ పెట్టి ఒకలా, ‘అరౌండ్’ పెట్టి ఇంకోలా రెండూ చెల్లుతాయి. పని ముగించడానికి వాళ్లు ‘వ్రాప్ అప్’ అంటే, మనం ‘చుట్టబెట్టేశాం’ అంటాం. ఎవరూ ఎవరి దగ్గరా తీసుకోకుండానే రెండు భాషలకీ ఒకటే తోచిందనుకుంటాను.

ఆ అనువాదంలో బిడ్డ వాక్యం దిద్ది పేజీ తిప్పితే, ‘ఆమె తనను తాను శాలువాలో చుట్టుకుంది’ అని ఉంది. మూలంలో ‘హర్‌సెల్ఫ్’ ఉంది కదా అని దాన్ని వదలలేకపోయారు పాపం. ‘కప్పుకుంది’ అన్నప్పుడు క్రియలో ‘కు’ (ఇది ‘బిడ్డకు’లో ఉన్న ‘కు’ కాదు) వచ్చేసరికే ‘తనకు తాను’ లోపల చేరిపోతుంది. కొట్టేసి ‘శాలువా కప్పుకుంది’ అని రాశాను.