సంఖ్యాకాండము 27:8లో కూతుళ్లకు ‘ఇవ్వడమా’, ‘సంక్రమింపజేయడమా’?

ప్రశ్న: బైబిలులో సెలోపెహాదు కూతుళ్లు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా మోషే ముందు నిలబడి, కొడుకుల్లేని తమ తండ్రి వాటా తమకు కావాలన్నారు కదా. ఆ తీర్పులో కూతుళ్లకు ఒక క్రియ, మిగతా వారసులకు ఇంకో క్రియ హెబ్రీలో ఉన్నాయట. తెలుగులో ఎలా చూపాలండి?

జవాబు: ఉన్నాయండి. కొడుకు లేకపోతే కూతుళ్లు, వాళ్లూ లేకపోతే అన్నదమ్ములు, ఆపైన తండ్రి అన్నదమ్ములు, చివరికి దగ్గరి రక్తబంధువు. ఇదీ వరస. కూతుళ్ల దగ్గర ‘హఅవర్తెమ్’, తక్కిన మూడు చోట్లా ‘నెతత్తెమ్’, అంటే ఇవ్వండి. మొదటిదాని ధాతువుకు అర్థం దాటడం. ఇక్కడ ప్రేరణార్థకంలో ఉంది, మన దాటు, దాటించు లాగే. కానీ ‘ఆస్తి దాటించండి’ అంటే దొంగచాటుగా తరలించమన్నట్టు వినబడుతుంది. ‘సంక్రమింపజేయండి’ చక్కగా అతుకుతుంది. సంక్రమణమన్నా దాటడమే, పైగా ఆస్తి విషయంలో వాడుకలో ఉన్న మాట.

7వ వచనం దగ్గర జాగ్రత్త. అక్కడ కూతుళ్లకే ‘నాతోన్ తిత్తేన్’, తప్పకుండా ఇయ్యి అని నొక్కి చెప్పి, వెంటనే ‘సంక్రమింపజేయి’ అన్నారు. వాళ్లకు ‘ఇవ్వడం’ లేదని తేల్చేస్తే తప్పవుతుంది.

మరొకరు: యూదుల ధర్మశాస్త్ర వ్యాఖ్యాన గ్రంథమైన తల్ముదులోని బావా బత్రా అనే భాగం ప్రకారం, కూతురి పెళ్లితో భూమి వేరే గోత్రానికి దాటిపోవచ్చు గనుకే ఆ క్రియ. నాకైతే అది ఒప్పదండి. గోత్రం మారే చిక్కు సూటిగా వచ్చేది 36వ అధ్యాయంలో. వాళ్లు తండ్రి అన్నదమ్ముల కొడుకులను చేసుకున్నదీ అందుకే. అక్కడ భూమి చేతులు మారడానికి వాడిన ధాతువు ‘సావవ్’, తిరగడం. 27లో దాటేది తండ్రి నుంచి కూతురికే.

మొదట జవాబిచ్చినవారు: మంచి మాటన్నారు. 7లోనే ఇంకొకటుంది. వాళ్లనే ముందు పుంలింగంలో ‘లాహెమ్’ అని, చివర స్త్రీలింగంలో ‘లాహెన్’ అని అన్నారు. మన ‘వారికి’ రెంటికీ ఒకటే, కాబట్టి పుట అడుగున వివరణ ఇవ్వాల్సిందే. పేర్ల దగ్గర మాత్రం తెలుగు మేలు. ఓడ కట్టిన నోవహు, ఈ నోయా హెబ్రీలో వేర్వేరు పేర్లు. చాలా ఇంగ్లీషు బైబిళ్లలో ఇద్దరికీ ఒకటే స్పెల్లింగు.

మరొకరు: నోయా, హొగ్లా 1910లో ప్రాచీన ఇశ్రాయేలు రాజధాని సమరయ తవ్వకాల్లో దొరికిన క్రీ.పూ. 8వ శతాబ్దపు కుండపెంకుల మీద ప్రాంతాల పేర్లుగా కూడా ఉన్నాయి. అందుకని ఈ పేర్లే మళ్లీ వచ్చే యెహోషువ 17:3లోనూ అదే వర్ణక్రమం ఉంచండి. 36:11లో మహలా తర్వాత తిర్సా వస్తుంది. అది అచ్చుతప్పు కాదు, మూలంలోనే అలా ఉంది, సరిదిద్దకండి.