విభూది బుధవారమా, భస్మ బుధవారమా?

ప్రశ్న (సత్తెనపల్లి సభ్యుడు):

అందరికీ నమస్కారం. 2026లో శివరాత్రి ఫిబ్రవరి 15న వస్తే, మూడు రోజుల తేడాతో 18న క్రైస్తవుల బూడిద బుధవారం (ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాస కాలం మొదలయ్యే రోజు) వచ్చింది. కోటప్పకొండ వెళ్లొచ్చిన మా వీధివాళ్ల నుదుట విభూది రేకలు చూసిన వారంలోనే, ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) చర్చి నుంచి వస్తున్నవాళ్ల నుదుట బూడిద సిలువ చూశాను. వాళ్ల చర్చి బోర్డు మీద ‘విభూది బుధవారము’ అని ఉంది. మా ఆఫీసులో సీఎస్‌ఐ (ప్రొటెస్టెంటు) చర్చికి వెళ్లే మేడమ్ గారేమో ‘భస్మ బుధవారం’ అంటారు. విభూది శైవుల మాట కదా, చర్చి బోర్డు మీదికి ఎలా వచ్చింది? ఏది సరైనది? ఎవరినీ నొప్పించాలని కాదు, తెలుసుకుందామనే.

జవాబు (ఫిరంగిపురం వైపు సభ్యుడు):

నమస్తే అండీ. మాది తాతల నాటి నుంచీ ఆర్‌సీఎం కుటుంబం. రెండు మాటలూ తప్పు కాదు. కానీ మా ఇళ్లలో భస్మం అన్న మాట వినపడదు. ‘విభూది పెట్టించుకున్నావా?’, ‘విభూది పండక్కి కూడా లీవు పెట్టలేదా?’ ఇలాగే ఉంటుంది మాట.

బూడిదకు మనకున్న పేర్లు ఒకసారి చూడండి. పొయ్యిలో మిగిలేది బూడిద. గడ్డివాము తగలబడితే మిగిలేది బుగ్గి. పిడక కాల్చి పళ్లు తోముకున్నది కచ్చిక. వైద్యుడు పొట్లం కట్టి ఇచ్చేది భస్మం, కాటిలో మిగిలేదీ భస్మమే. నుదుటికెక్కేది మాత్రం విభూది. బూడిద అనగానే పన్నీరు గుర్తొస్తుంది, భస్మం అనగానే భస్మాసురుడు గుర్తొస్తాడు. ఒక పెద్దాయన వేలితో తీసి, ఏదో మంత్రమో ప్రార్థనో చెప్పి నుదుట పెట్టే బూడిదను తెలుగువాడు ఇంకేమని పిలుస్తాడు? కతోలికులు ఈ మాటను ఎవరి దగ్గరో అప్పు తెచ్చుకున్నారు అనేకంటే, తెలుగువాళ్లు కాబట్టి చేతికందిన తెలుగు మాట వాడుకున్నారు అనడమే సబబు.

పైగా విభూతి అన్న సంస్కృత పదానికి మొదటి అర్థం బూడిదే కాదు. వైభవం, మహిమ, ఐశ్వర్యం. భగవద్గీత పదో అధ్యాయం పేరు విభూతి యోగం, అందులో బూడిద ఊసే లేదు. తర్వాత పవిత్రమైన బూడిదకు ఆ పేరు స్థిరపడింది, తెలుగు నోట్లో ‘తి’ కాస్తా ‘ది’ అయింది, పాతకాలపు ముసలమ్మల నోట్లో ‘ఈబూది’ కూడా అయింది. మహిమ అని అర్థమున్న మాటతో పిలుచుకుంటూ ‘నువ్వు మట్టివిరా’ అని చెప్పించుకునే రోజు ఇది. ఎవరూ కావాలని చేసింది కాకపోవచ్చు గానీ నాకు భలే నచ్చుతుంది.

దీని వెనక కొంత చరిత్ర కూడా ఉంది. 1606లో తమిళనాట మధురకు (మదురై) వచ్చిన రాబర్టో డి నోబిలి అనే ఇటలీ జెసూయిట్ (యేసు సభ అనే కతోలిక గురువుల సంఘం వాడు) సన్యాసి వేషం వేసుకుని, తమిళం, సంస్కృతం, తెలుగు నేర్చుకుని, ఇక్కడి మాటల్లోనే మతం చెప్పాడు. మధుర నాయకుల కొలువు తెలుగుది కాబట్టి తెలుగు కూడా అవసరమైంది. 18వ శతాబ్దంలో పుంగనూరు, కృష్ణాపురం వైపు వచ్చిన ఫ్రెంచి జెసూయిట్లు కూడా ఆ దారినే నడిచారు. ప్రొటెస్టెంటు మిషన్లు తెలుగు నేల మీద స్థిరపడింది 19వ శతాబ్దంలో. అందుకే ఆర్‌సీఎం వాళ్ల మాటలకు తమిళ, సంస్కృత వాసన ఎక్కువ. పూజ, సత్ప్రసాదం, జ్ఞానస్నానం, జపమాల... అన్నీ ఆ బాణీవే. తమిళ కతోలికులు కూడా ఈ రోజును విభూది బుధవారం అనే అంటారు, ఇప్పుడు వాళ్లలో కొందరు తిరునీరు అని అచ్చతమిళంలోకి మార్చుకున్నారు.

అడిగిన సభ్యుడు:

బాగుంది అన్నా. ఇంకో సందేహం. నుదుట పెట్టేది బూడిద, మీరేమో ‘నువ్వు మట్టివి’ అని చెప్పించుకుంటామన్నారు. బూడిద పెడుతూ మట్టి అనడం ఏమిటి?

ఫిరంగిపురం సభ్యుడు:

మంచి ప్రశ్న. ఆ మాట ఆదికాండము 3:19 నుంచి వచ్చింది. పాత తెలుగు బైబిలులో ‘నీవు మన్నే గనుక తిరిగి మన్నైపోదువు’ అని ఉంటుంది. ‘మన్నే’లో ఆ ఒక్క ఏకారం చాలు, ఇంకేమీ కావు అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పడానికి. చివర ‘మన్నగుదువు’ అని కాకుండా ‘మన్నైపోదువు’ అన్నారు చూడండి, ఆ ‘పోవు’లోనే ఉంది బరువంతా.

ఇక బూడిద సంగతి. హీబ్రూలో మట్టికి ‘ఆఫార్’, బూడిదకు ‘ఏఫెర్’. దాదాపు ఒకే చప్పుడు. అబ్రాహాము దేవుడితో బేరమాడుతూ తనను తాను ఈ జంట మాటతోనే చెప్పుకుంటాడు, తెలుగులో ‘ధూళియు బూడిదెయునైన నేను’ అని వచ్చింది (ఆదికాండము 18:27). యోబు కూడా చివర్లో ధూళిలోను బూడిదెలోను పడే పశ్చాత్తాపపడతాడు. వాళ్లకు ఆ రెండూ ఒకే ఊపిరిలో వచ్చే మాటలు. మనకు ప్రాస పోయింది, కానీ తెలుగులో ఇంకోటి దొరికింది. పూడ్చేవాళ్లు ‘మట్టిలో కలిసిపోవడం’ అంటారు, కాల్చేవాళ్లు ‘బూడిదైపోవడం’ అంటారు. విభూది నాడు ఒకటి నుదుట, ఇంకోటి చెవిలో. రెండు రకాల తెలుగువాళ్లకూ తప్పించుకునే దారి లేదు.

ఆ బూడిద ఎక్కడిదో కూడా చెప్పాలి. పోయిన ఏడాది మ్రానికొమ్మల ఆదివారం (పామ్ సండే, ఈస్టరుకు ముందు ఆదివారం) నాడు ఆశీర్వదించిన మట్టలు ఇళ్లలో ఏసు పటం వెనకో తలుపు మీదో పెట్టుకుంటాం. అవి ఎండిపోయాక విచారణలో సేకరించి కాల్చి, ఆ బూడిద జల్లిస్తారు. (విచారణ అంటే పోలీసు విచారణ కాదు, పారిష్! కొత్తవాళ్లు ‘విచారణ గురువులు’ అన్న బోర్డు చూసి కంగారుపడుతుంటారు.) అన్ని దేశాల్లో నుదుటనే పెట్టరు. రోములో నడినెత్తిన చల్లడమే ఆచారం. కరోనా ఉన్నప్పుడు 2021లో ప్రార్థన ఒక్కసారే అందరికీ కలిపి చెప్పి, తర్వాత మౌనంగా తల మీద చల్లమని వాటికన్ అన్ని దేశాలకూ సూచన పంపింది.

వ్యాఖ్య (రిటైరైన సంస్కృత మాస్టారు):

విభూది విషయంలో నాకు అభ్యంతరం లేదు. ఆ రోజుతో మొదలయ్యే ఉపవాస కాలాన్ని మీ చర్చిల్లో ‘తపస్కాలము’ అని రాస్తున్నారే, అది మాత్రం తప్పు. తపస్ పక్కన కాలము వస్తే తపఃకాలము కావాలి. విసర్గ సకారమయ్యే చోట్లు పాణిని విడిగా చెప్పాడు, అందులో కాల శబ్దం లేదు.

ఫిరంగిపురం సభ్యుడు:

మాస్టారూ, సూత్రం ప్రకారం మీదే రైటు. కానీ జనం నోట్లో అయస్కాంతం ఉంది, శ్రేయస్కరం ఉంది, నమస్కారం రోజూ ఉంది. ఆ వరసలో తపస్కాలం వచ్చి కూర్చుంది. పలకడానికి కష్టమైన విసర్గను తెలుగువాడు ఎంతకాలం మోస్తాడు చెప్పండి? విచారణ బోర్డు మీద ‘తపఃకాలము’ అని రాస్తే ముందు పెయింటరే అడుగుతాడు, ఆ రెండు చుక్కలు ఎందుకని.

సంస్కృత మాస్టారు:

పెయింటరు ప్రమాణమైతే నేను ఓడిపోయినట్టే.

వ్యాఖ్య (సీఎస్‌ఐ సభ్యురాలు, మచిలీపట్నం):

మేము ఈ రోజులను శ్రమకాలం అంటాం అండీ, లెంట్ అని కూడా. తపస్సు అంటే మాకు అడవి, ముక్కు మూసుకోవడం గుర్తొస్తాయి. ఇంతకీ రెండింటికీ తేడా ఉందా?

ఫిరంగిపురం సభ్యుడు:

ఉందమ్మా, బాగా అడిగారు. శ్రమ అనేది ఏసు పడ్డది. తపస్సు మనం చేసేది. మీ మాట సిలువ వైపు చూస్తుంది, మా మాట మన పళ్లెం వైపు, జేబు వైపు చూస్తుంది: ఉపవాసం, ప్రార్థన, దానం. అయినా మేము కూడా శుక్రవారాల్లో సిలువ మార్గం పద్నాలుగు స్థలాలూ తిరుగుతూ ఆయన శ్రమలే తలుచుకుంటాం, మీరూ ఉపవాస ప్రార్థనలు పెట్టుకుంటారు. మాటలు వేరైనంతగా మనుషులు వేరుగా లేరు.

రోజుల లెక్క ఒకటే. విభూది బుధవారం నుంచి పాస్కా పండుగ (ఈస్టరు) ముందు రోజు దాకా 46 రోజులు, అందులో 6 ఆదివారాలు తీసేస్తే 40. ఆదివారం పునరుత్థానం రోజు కాబట్టి ఉపవాసం ఉండదు.

ఉపవాసం అన్నాను గానీ, మా పెద్దవాళ్ల మాట ఒక్కపొద్దు. నా దృష్టిలో ఈ కాలం మాటలన్నింటిలో ఇదే గట్టిది. ఉపవాసం అంటే వ్యుత్పత్తి ప్రకారం దగ్గరగా వసించడం, ఎంత తినాలో మాట చెప్పదు. ఒక్కపొద్దు చెప్పేస్తుంది: రోజుకు ఒకే పూట భోజనం. శ్రీసభ (కతోలిక చర్చి) నియమం కూడా దాదాపు అదే. 18 ఏళ్లు నిండిన దగ్గర్నుంచి 59 నిండేదాకా, విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) రెండు రోజులూ ఒక్క పూటే నిండుగా తినాలి, మిగతా రెండు పూటలా కొద్దిగా తీసుకోవచ్చు, ఆ రెండూ కలిపినా ఒక భోజనం కాకూడదు. మాంసం మానడం 14 ఏళ్ల నుంచే. లాటిన్ చట్టం నాలుగు ముక్కల్లో చెప్పింది మా అవ్వ ఒక్క మాటలో చెప్పేది. పైగా ఈ మాట అందరిదీ. శనివారం ఒక్కపొద్దుండే వేంకటేశ్వరుడి భక్తులున్నారు, రంజాన్ ఉపవాసాలను ఒక్కపొద్దులనే ముస్లిం ఇరుగుపొరుగులూ మా ఊళ్లలో ఉన్నారు. విభూది గురించి ఎవరిది అని అడిగారే, ఒక్కపొద్దు గురించి ఎవరూ అడగరు. ఎందుకంటే అది వంటింటి మాట.

వ్యాఖ్య (హైదరాబాదు సభ్యుడు):

మీ చర్చిలో ఒకసారి ‘శుక్రవారం సాయంత్రం పాపసంకీర్తనం’ అని రాసి ఉంటే ఏదో పాటల కచేరీ అనుకున్నాను సార్. వెళ్తే జనం లైనులో నిలబడి ఉన్నారు, ఒక్కరూ పాడటం లేదు.

ఫిరంగిపురం సభ్యుడు:

హహ. పాడితే పక్కవాళ్లకు వినపడుతుందండీ, అది చేసిన పాపాలు గురువు చెవిలో చెప్పుకునేది. సంకీర్తనం అంటే పూర్తిగా, బాగా చెప్పడం. అన్నమయ్య హరిని చెప్పాడు, మేము పాపం చెప్పుకుంటాం. పాట అన్న అర్థం గట్టిపడిపోవడంతో మా వాడుక వింతగా తోస్తుంది. కొత్త తరానికి ‘కన్ఫెషన్’ అంటేనే తెలుస్తోంది, అది కాస్త బాధే.

వ్యాఖ్య (తెనాలి సభ్యురాలు):

అన్నయ్యా, మా విచారణలో తపస్కాలం కరపత్రం నేనే టైపు చేస్తాను. ‘స్లీవమార్గము’ అని రాయనా, ‘సిలువ మార్గం’ అని రాయనా? యూత్ వాళ్లు స్లీవ అంటే నవ్వుతున్నారు.

ఫిరంగిపురం సభ్యుడు:

నవ్వనీయమ్మా, వాళ్ల తాతల్లో ఎవరో ఒక స్లీవయ్య ఉండే ఉంటాడు. రెండూ ఒకే మాట. ఏసు మాట్లాడిన అరమాయిక్‌కు దగ్గరి బంధువైన సిరియాక్‌లో ‘స్లీవా’. మలయాళంలో అలాగే నిలిచింది, తమిళంలో సిలువై అయింది, తెలుగులో సిలువ. స్లీవ అన్నప్పుడు మనం ఆ పాత ధ్వనిని దాదాపు మార్చకుండా పలుకుతున్నాం. ప్రార్థన పుస్తకంలో ఎలా ఉంటే అలా ఉంచు, కరపత్రంలో మాత్రం అందరికీ అర్థమయ్యేట్టు సిలువ మార్గం అని వెయ్యి. విభూదిని మాత్రం భస్మం చేయకు.

తెనాలి సభ్యురాలు:

సరే అన్నయ్యా. మరి మ్రానికొమ్మల ఆదివారం? పక్క చర్చివాళ్లు మట్టల ఆదివారం అంటారు, మేం పట్టుకునేదీ మట్టలే కదా, కొమ్మలు కాదు.

ఫిరంగిపురం సభ్యుడు:

దానికి వేరే పోస్టు పెట్టమ్మా. అందులో మాస్టారు ‘మ్రాను’ గురించి, మచిలీపట్నం మేడమ్ ‘మట్ట’ గురించి చెప్తారు. నాకు రేపు పొద్దున్నే డ్యూటీ ఉంది.