హారో అండ్ వీల్డ్‌స్టోన్ స్టేషన్ దగ్గర ఆ ఫలకం దేనికి? 1952లో అక్కడ ఏం జరిగింది?

వరంగల్_పిల్ల:
అందరికీ నమస్కారం. మాస్టర్స్ కోసం లండన్‌లోని హారో వచ్చి నాలుగు నెలలైంది. దిగిన రోజే హారో ఆన్ ది హిల్, హారో అండ్ వీల్డ్‌స్టోన్ రెండూ ఒకటే అనుకుని, ఒక స్టేషన్‌లో దిగి రెండోదాని దాకా సూట్‌కేసు లాక్కుంటూ నడిచాను. ఇప్పుడు రోజూ వీల్డ్‌స్టోన్‌లోనే బేకర్లూ లైన్ మెట్రో ఎక్కుతున్నాను. నిన్న వాన తగ్గేదాకా గుమ్మం దగ్గర నిలబడితే ఒక ఫలకం కనిపించింది. 1952 రైలు ప్రమాదంలో పోయినవాళ్ల గుర్తుగా పెట్టారట. ఇన్ని రోజులు దాని పక్కనుంచే వెళ్తున్నా చూడలేదు. మన తెలుగువాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా, ఈ స్టేషన్ కథ ఎవరికైనా తెలుసా?

కెంటన్_బాబాయ్:
నేను ఈ పక్కనే ఇరవై ఏళ్లుగా ఉంటున్నానమ్మా. స్టేషన్ చాలా పాతది, 1837 జులైలో తెరిచారు. లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కి లైన్ వేస్తున్న రోజులవి. అప్పుడు చుట్టూ పొలాలే. ఊరు దూరంగా కొండ మీద ఉండేది, అయినా స్టేషన్‌కి హారో అనే పేరు పెట్టారు. స్టేషన్ చుట్టూ వీల్డ్‌స్టోన్ పెరిగాక, 1897లో ఆ పేరూ కలిపారు. నువ్వెక్కే బేకర్లూ 1917లో వచ్చింది. 1982లో ఆపేసి 1984లో మళ్లీ మొదలుపెట్టారు. ఇక్కడి నుంచి స్టాన్‌మోర్‌కి ఒక చిన్న బ్రాంచి లైన్ కూడా ఉండేది, ఇప్పుడు లేదు. ప్రమాదం గురించి కాజీపేట అన్నగారు చెప్తే బాగుంటుంది.

కాజీపేట_లోకో:
అమ్మా, నేను లోకో పైలట్‌గా రిటైరయ్యాను. మా అమ్మాయి వెంబ్లీలో ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ మీ స్టేషన్‌కి వెళ్లి ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడి వస్తాను.

అక్టోబర్ 8, ఉదయం 8 గంటల 19 నిమిషాలు. ట్రింగ్ నుంచి లండన్ యూస్టన్ స్టేషన్‌కి వెళ్లే లోకల్ రైలు ప్లాట్‌ఫారం దగ్గర ఆగి ఉంది. తొమ్మిది పెట్టెలు, సుమారు 800 మంది. పనులకు వెళ్లేవాళ్లు, వాళ్లలో రైల్వే ఉద్యోగులు కూడా చాలామంది. అదే లైన్‌లో వెనక స్కాట్లాండ్‌లోని పెర్త్ నుంచి రాత్రంతా నడిచి వస్తున్న స్లీపర్ ఎక్స్‌ప్రెస్, గంటకు పైగా లేటు. దానికి ముందు జాగ్రత్త అని చెప్పే పసుపు సిగ్నల్ ఉంది, ఆ తర్వాత రెండు సెమాఫోర్‌లు, అంటే చెయ్యి సిగ్నళ్లు, ఆగమని చెప్పే డేంజర్‌లో ఉన్నాయి. మూడూ దాటి వచ్చి లోకల్‌ని వెనక నుంచి గుద్దింది. కొన్ని సెకన్లకే ఎదురు లైన్‌లో రెండు ఇంజన్లతో లివర్‌పూల్, మాంచెస్టర్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆ శిథిలాల్లోకి దూసుకుపోయింది. 112 మంది పోయారు, 340 మందికి గాయాలు. యుద్ధం లేని రోజుల్లో బ్రిటన్‌లో ఇంత పెద్ద రైలు ప్రమాదం ఇంకోటి లేదు.

కేబిన్‌లో సిగ్నల్‌మన్ తప్పు లేదని విచారణలో తేలింది. పెర్త్ బండి డ్రైవరూ, బొగ్గు వేసే ఫైర్‌మనూ ఇద్దరూ పోయారు. సిగ్నళ్లు ఎందుకు దాటారో చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. చూసుకోలేదని ఒక్క మాటలో అనేస్తారు గానీ, నాకు మనసొప్పదు. డిసెంబర్ తెల్లవారుజామున మంచులో సిగ్నల్ కోసం తల బయటపెట్టి, కళ్లు చికిలించుకుని వెతికినవాణ్ణి నేను. సిగ్నల్ కనబడగానే ఒకరం గట్టిగా చెప్తే రెండోవాళ్లం తిరిగి చెప్పాలి, అదీ మా అలవాటు. ఒక్క క్షణం చూపు పక్కకి పోతే ఎంత దూరం వెళ్లిపోతామో ఇంజన్‌లో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

నాకు కోపం వచ్చేది వేరే విషయానికి. డ్రైవర్‌ని క్యాబ్‌లోనే హెచ్చరించే ఏర్పాటు అదే దేశంలో గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1906 నుంచే వాడుతోంది. ఈ లైన్‌లో మాత్రం లేదు. హారో తర్వాతే ఆ పని ఊపందుకుంది. సిగ్నల్‌కి కొంచెం ముందు పట్టాల మధ్య అయస్కాంతాలు పెడతారు. గ్రీన్ ఉంటే క్యాబ్‌లో గంట మోగుతుంది, లేకపోతే హారన్. డ్రైవర్ బటన్ నొక్కకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. 2022 మార్చిలో మన దక్షిణ మధ్య రైల్వేలో, రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ పరీక్ష చేసినప్పుడు టీవీలో చూస్తూ నాకు గుర్తొచ్చింది ఈ స్టేషనే.

నర్స్_గుంటూరు:
ఒకటి కలుపుతాను. ఆ రోజు సహాయానికి వచ్చినవాళ్లలో దగ్గర్లోని అమెరికన్ సైనిక వైద్య బృందం ఉంది. అందులో ఆబీ స్వీట్‌వైన్ అనే నల్లజాతి నర్సు, ఎవరికి చికిత్స అయిందో తెలిసేలా గాయపడ్డవాళ్ల మీద లిప్‌స్టిక్‌తో గుర్తు పెట్టింది. చేతికి అందినదాంతోనే పని కానిచ్చింది. పత్రికలు ఆమెను ఆరో ప్లాట్‌ఫారం దేవత అన్నాయి. నేనూ ఇక్కడ క్యాజువాలిటీలోనే చేస్తాను. ఎవరిని ముందు చూడాలో అక్కడికక్కడే తేల్చి, చికిత్స మొదలుపెట్టాకే ఆస్పత్రికి పంపడం ఆ రోజు వాళ్లు చేసి చూపించారు.

వరంగల్_పిల్ల:
అంకుల్, అక్కా, బాబాయ్, చాలా థాంక్స్. ఇవాళ పొద్దున కాలేజీకి కాస్త ముందే బయల్దేరి, 8:19కి ఫుట్‌బ్రిడ్జి మీద నిలబడ్డాను. కింద ఫాస్ట్ లైన్‌లో ఒక రైలు ఆగకుండా వెళ్లిపోయింది. అంకుల్, మీరు ఈసారి వెంబ్లీ వచ్చినప్పుడు చెప్పండి, నేనూ వస్తాను. ఆ అయస్కాంతాలు ఎక్కడుంటాయో చూపిద్దురు గానీ.